రేకు గోరు

మోహన్‌రాజ్‌ను తోటలో ఉత్తరపు మూల పూడ్చి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి బాగలూరు పక్కనున్న ఆ నాలుగెకరాల నిమ్మతోటను చూసుకుంటున్నది నేను, అతని భార్య శశికళను. మొదటి వానాకాలంలో చెట్ల మొదళ్ళు పగిలి బంక కారింది. మొదళ్ళకు నీళ్ళు తగలకుండా పాదులు మార్చి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ పూసి నిలబెట్టాను. చెట్లు బతికాయి. కోసిన కాయలు చావడం మొదలుపెట్టాయి. హోసూరు ప్యాకింగ్ హౌస్‌కు పంపిన రెండు లోడ్లు నాలుగో రోజుకే పచ్చబూజు పట్టి వెనక్కి వచ్చాయి. మూడోది పంపలేకపోతే సోమవారమే, పంపాక తిరిగొస్తే ఆ రోజే, చెట్లు పీకించి నేలను గోడౌన్‌కు ఇచ్చేస్తానని మా మామ శ్రీనివాసప్ప తేల్చి చెప్పాడు. జేసీబీ కూడా మాట్లాడి పెట్టాడు. నిన్న సాయంత్రం, ప్యాకింగ్ హౌస్‌లో కాయల నాణ్యత చూసే మధుమిత నా ఫోన్‌కు ఫొటోలు పంపింది. బూజు పట్టిన ప్రతి కాయ మీదా, తొడిమకు కొంచెం కింద, ఒక గోటి గాటు. నెలవంకలా వంగి, కుడివైపు చిన్న నొక్కుతో తెగిన గాటు. అది ఎవరి గాటో నాకు తెలుసు. ఆ గోరును మట్టిలో పెట్టింది నేనే.

*

శుక్రవారం పొద్దున మంచు ఆరకముందే ఉత్తరపు మూలకు వెళ్ళాను. సమాధి అని పేరేగాని అక్కడ ఉన్నది మోకాలెత్తు మట్టిదిబ్బ, తలవైపు ఒక రాయి. దిబ్బ మీద గరిక ఒత్తుగా పెరిగింది. గరిక మీది మంచు చెదరలేదు. రాతికీ పక్క చెట్టు కొమ్మకూ మధ్య సాలెగూడు తెగకుండా ఉంది. ఎవరూ తవ్వలేదు. తవ్వి ఉంటే బాగుండేదని ఒక క్షణం అనిపించింది. గుంత ఉంటే దాన్ని తవ్విన మనిషి ఒకడుంటాడు, ఆ మనిషిని వెతకొచ్చు. చెదరని మట్టి ముందు నిలబడి దేన్ని వెతకాలో నాకు తెలియలేదు.

అది నిజమైన గోరు కాదు, రేకు గోరు. నూనె డబ్బా మూతను కత్తిరించి, కుడి బొటనవేలికి తొడుక్కునేలా మోహన్ వంచుకున్నాడు. కాయను లాగి తెంపితే తొడిమ ఊడి తోలు చిరుగుతుంది. రేకు గోరుతో తొడిమను నొక్కి తెంపితే చిరగదు. అది చేసేటప్పుడు కత్తెర జారి కుడి అంచులో నొక్కు పడింది. కోతరోజున ప్రతి చెట్టు దగ్గరా ఒక్క కాయను దానితో గిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల కొంచెం ఎడమకు వాల్చి వాసన చూసేవాడు. చెట్టుకు ఏ బాధ ఉన్నా ఆ తోలు నూనె వాసనలో తెలుస్తుందనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఆ ముఖం చూడటం కోసం నేను కోతరోజు పొద్దున్నే నిద్ర లేచేదాన్ని.

హోసూరు రోడ్డు మీద లారీ తగిలినప్పుడు అతని ఒళ్ళంతా నలిగింది, కుడిచేయి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ చేతిని కడిగి, బొటనవేలికి రేకు గోరు తొడిగింది నేను. తొడిగాక దుప్పటి కప్పాను.

ఎనిమిది గంటలకు మధుమిత ఫోన్ చేసింది. ఆ పిల్ల ఎప్పుడూ గొంతు పెంచదు. మూడో లోడు ముప్పై బాక్సులు ఈ సాయంత్రం నాలుగుకు వ్యాన్ ఎక్కాలని, ఐదు రోజులు పక్కన పెట్టి చూస్తామని, ఒక్క బాక్సులో పచ్చ కనిపించినా ఇక మా తోట పేరు కొట్టేస్తారని చెప్పింది. బూజు రేణువులు అన్నిచోట్లా ఉంటాయట, గాలిలో, బాక్సుల అంచుల్లో, మన బట్టల్లో. ఉండటం తప్పుకాదట. చివర్లో అంది:

"తోలు తెగకుండా బూజు లోపలికి పోదు అక్కా. మీ షెడ్‌లోనే ఎవరో గిల్లుతున్నారు."

*

మా అత్త మునిలక్ష్మమ్మ షెడ్ వెనక ఖాళీ బాక్సులు కడుగుతోంది. ఒక్కొక్కదాన్నీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, పీచుతో రుద్ది, ఎండకు బోర్లిస్తోంది. కొడుకు పోయాక ఆమె మాటలు తగ్గాయి. పొద్దున్నే తోటలోకి వెళ్ళడం, కొంగు కింద చెయ్యి దాచుకుని తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. అడగలేదు. తల్లి దుఃఖానికి నాకంటే ముందు వరస అనుకున్నాను.

ఇవాళ అడగాలి. ఫోన్ ఆమె ముందు పెట్టాను. ఆమె ఫొటోను చాలాసేపు చూసింది. ఆశ్చర్యపోలేదు. కొంగుతో తెరను మెల్లగా తుడిచింది, పసివాడి ముఖం తుడిచినట్టు.

"రేకు గోరు యాడుంది అత్తా?"

"నువ్వే తొడిగినావు గదా."

"తొడిగినాను. మళ్ళా తీసిందెవురు?"

ఆమె చేతులు ఆరబెట్టుకుంది. నడుముకు చెక్కుకున్న వక్కాకు తిత్తి తీసి, తమలపాకుల అడుగునుంచి ఒక పసుపు గుడ్డ మూట బయటికి లాగి నా అరచేతిలో పెట్టింది. నేను నీళ్ళ బిందె కోసం వెనక్కి తిరిగినప్పుడు తీసిందట. ఒక్క లాగుకు రాలేదట, వేలు బిగుసుకుపోయిందట. వాడివన్నీ మట్టిలో పెట్టేస్తున్నారు, తల్లికి ఒకటైనా మిగలాలని అనిపించిందట. పొద్దున్నే ఆ మూటను తీసుకుపోయి తోటంతా తిప్పుకొస్తుందట. వాడు చూస్తాడని.

మూట విప్పాను. లోపలున్నది చూసి నేను ఆగిపోయాను. రేకంతా తుప్పు. అంచు మొద్దుబారింది. పసుపు గడ్డకట్టి నొక్కు పూర్తిగా పూడిపోయింది. పక్కనున్న కాయ తీసి దానితో నొక్కి చూశాను. తోలు మీద జారి ఎర్రటి మరక పెట్టిందే తప్ప తెగలేదు. ఫొటోల్లోని గాట్లు పదునైనవి. ఈ రేకు చేసిన పని కాదు.

"నేను గిచ్చలేదు," అంది అత్త. "నాకు గిచ్చేది యాడ వస్తాది?"

"మరి ఎవురు అత్తా?"

ఆమె నా ముఖం వైపు చూడలేదు. నా కుడిచేతి వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది భయం కాదు. అంత ప్రేమగా ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు.

"వాడే. నీ చేత్తో."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బాక్సును బోర్లించి దాని మీద కూర్చుని, ఇన్నాళ్ళూ దాచుకున్నదాన్ని మెల్లగా చెప్పింది.

"ఉగాదికి ముందునుంచి చూస్తా వుండా. కాయలు ఏరేటప్పుడు నీ కండ్లు మూసుకుపోతాయి. గిచ్చుతావు, ముక్కు కాడికి ఎత్తుకుంటావు. తల ఇట్లా ఎడమకి వాలుస్తావు. వాడు వాల్చినట్టే. నేను నీతో ఏమీ అనలేదు. అంటే వాడు పోతాడని."

*

మనిషికి తన వీపు కనిపించదు. చెయ్యి కనిపిస్తుందనుకుంటాం. షెడ్‌లోకి వచ్చి సెల్వి ఎదురుగా నిలబడ్డప్పుడు నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉన్నానని తర్వాత గాని గమనించలేదు.

సెల్వి అత్తిముగం పిల్ల. రెండేళ్ళుగా మా దగ్గర కాయలు ఏరుతోంది. నోటికి భయం లేని మనిషి. అత్త చెప్పింది నిజమా అని అడిగితే మాత్రం తల వంచుకుని కాయలు దొర్లించింది.

"నువ్వు టెస్ట్ చేస్తా వుండావని అనుకున్నాము అక్కా. ఓనరమ్మ గిల్లితే అడిగేదానికి మేమెవురు? మేము గిల్లుంటే నువ్వు సుమ్మనే వుంటావా?"

నమ్మను అన్నాను. సెల్వి వాదించలేదు. ఒక కాయ నా చేతిలో పెట్టి పట్టుకోమంది. తర్వాత వేరే మాట ఎత్తింది. అత్తిముగంలో వాళ్ళ అమ్మ ఇంటి వెనక రెండు నిమ్మచెట్లున్నాయట, మొదళ్ళలో బంక కారుతోందట, ఏమి చేయమంటావు అక్కా అని అడిగింది.

ఆ సంగతి చెప్పడం నాకు ఇష్టం. నేను గెలిచిన యుద్ధం అదొక్కటే. బంక కారే చోట బెరడును పదునైన కత్తితో మంచి చెక్క కనిపించేదాకా గీరాలని చెప్పాను. గీరిన పొట్టు నేల మీద పడకుండా కింద గోనెసంచి పరచాలి, ఆ పొట్టును దూరంగా కాల్చాలి. కిలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, కిలో సున్నం ఇంకొకదాంట్లో, రెండింటికీ కలిపి పది లీటర్ల నీళ్ళు. ఇనుప బకెట్ వాడకూడదు. కలిపిన పేస్ట్‌ను అదే రోజు, నేలనుంచి రెండడుగుల ఎత్తుదాకా పూయాలి. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి. పాదులో నీళ్ళు మొదలును తాకకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు కత్తిని తుడవాలి. తుడవకపోతే తెగులు దానంతటది రానవసరం లేదు, మనమే మోసుకుపోయి పెడతాం.

అక్కడ ఆగాను. సెల్వి నన్ను చూస్తోంది. తలుపు దగ్గర అత్త నన్ను చూస్తోంది, రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని.

నా తల ఎడమకు వాలి ఉంది. చెయ్యి ముక్కు దగ్గర ఉంది. ఊపిరి నిండా పచ్చి నిమ్మనూనె. కాయను దూరంగా పట్టి చూశాను. తొడిమకు కొంచెం కింద, తడిగా మెరుస్తూ, నెలవంక. కుడివైపు నొక్కు.

అప్పుడు నా గోరును మొదటిసారి చూశాను. పోయిన వానాకాలం మూడు వందల మొదళ్ళకు వట్టి చేతులతో పేస్ట్ పూశాను. సున్నం, మైలుతుత్తం కలిసి గోళ్ళను తినేశాయి. బొటనవేలి గోరు అంచు విరిగింది. విరిగింది కుడివైపే ఎందుకో, ఎప్పుడో, నాకు గుర్తు లేదు. గోటి కింద సన్నటి పచ్చబూజు గీత ఉంది. ఊదితే పొగలా లేచింది.

నెమ్మదిగా అంతా అర్థమైంది. ప్రతిరోజూ ముందు బూజు పట్టిన కాయల్ని ఏరి పారేసేది నేను. తర్వాత అదే చేత్తో మంచి కాయల్ని ఒక్కొక్కటీ పట్టి చూసేది నేను. మోహన్ గిచ్చిన కాయను ఎన్నడూ గంపలో వేయలేదు. చొక్కా జేబులో వేసుకునేవాడు. సాయంత్రం ఆ కాయలే చారులో పిండేదాన్ని. అతని చేతిని నేర్చుకున్నాను, అతని జేబును మరిచిపోయాను. రెండు లోడ్లు ఏ కాయా వదలకుండా చూసి పంపాను. చూడకుండా పంపి ఉంటే బతికేవి.

ఏడవాలనుకున్నాను. రాలేదు. అతను పోయిన రోజు కూడా నేను సరిగా ఏడవలేదు, పనులున్నాయి. నేను చేయని పనిని ఈ చెయ్యి నాకు తెలియకుండా ఒంటరిగా చేసుకుంటోందేమో అనిపించింది.

*

బ్లేడు అడిగాను. సెల్వి తెచ్చేలోపల అత్త నా మణికట్టు పట్టుకుంది. ముసలి చేతిలో అంత బలముందని నాకు తెలియదు.

"గోరు తీయొద్దు శశీ."

"కాయలన్నీ కుళ్ళిపోతా వుండాయి అత్తా."

"కుళ్ళితే ఏమి? కాయ మళ్ళా కాస్తాది. వాడు మళ్ళా వస్తాడా?"

నేను ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. ఈ లోడూ కుళ్ళి జేసీబీ వస్తే మొదట పోయేది ఉత్తరపు మూలేనని, గోడౌన్ గోడ అక్కడినుంచే లేస్తుందని, మామ కొలతలు కూడా తీయించాడని చెప్పాను. ఆమెకు ఇవన్నీ తెలుసు. తెలిసినవాటిని ఆమె ఎక్కడో విడిగా పెట్టుకుంది, పసుపు గుడ్డ చుట్టి.

"చెట్లే లేకపోతే వాడు యాడికి వస్తాడు అత్తా? చెప్పు."

ఆమె ముఖం తిప్పుకుని బయటికి పోయింది. రేకు గోరును పసుపు గుడ్డలో చుట్టి తనతోనే తీసుకుపోయింది. నేను అడ్డుకోలేదు. అది మొద్దుబారిన రేకు, ఎవరినీ ఏమీ చేయదనుకున్నాను.

గోరును కండదాకా కత్తిరించాను. రక్తం వచ్చింది. మోహన్ తువ్వాలునుంచి ఒక పీలిక చించి బొటనవేలికి గట్టిగా చుట్టి, పళ్ళతో ముడి బిగించాను. రబ్బరు గ్లౌజులు ఒక్క జతే ఉంటే సెల్వికి ఇచ్చాను. ముప్పై బాక్సులూ గుమ్మరించాం. తుడిచి పరిచిన టార్పాలిన్ పట్టా మీద ఒక్కో కాయనూ వెలుతురుకు పట్టి చూసింది సెల్వి. నేను తాకలేదు. తొడిమ ఊడినవి, ముల్లు గీసినవి, నా నెలవంక ఉన్నవి అన్నీ బకెట్లోకి పోయాయి. నెలవంకలు నలభై ఒకటి. వాటిని తోట బయట గుంత తీసి సున్నం చల్లి పూడ్చాను. ఈ చేతులు పూడ్చడం ఇది రెండోసారి.

మిగిలిన కాయల్ని వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, ఫ్యాన్ కింద చెమ్మ లేకుండా ఆరబెట్టాం. తీసేసినవాటి బదులు, మంచు ఆరాక కత్తెరతో కోసిన కాయలు నింపాం. కడిగిన బాక్సుల్లో సర్ది మూతలు వేసేసరికి మూడైంది. సెల్వి గ్లౌజులు విప్పుతూ, ఇంక పెండ్లికి పోయినా, వచ్చినోళ్ళకి పంచే నిమ్మకాయ నీ చేతికియ్యరు అక్కా అంది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి కడుపులోంచి నవ్వాను. ఆమె అన్నానికి వెళ్ళింది.

నేను గోనెసంచుల కట్టకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా ముప్పై బాక్సులు. బొటనవేలి గుడ్డ ముడి పదిలంగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఎక్కడో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. కళ్ళు మూసుకోవద్దనుకున్నాను.

*

హారన్ మోతకు మెలకువ వచ్చింది.

మొదట తెలిసింది వాసన. ఆరిన కాయల వాసన కాదు, అప్పుడే తోలు తెగిన నూనె వాసన, షెడ్ నిండా. బాక్సుల మూతలు ఎలా వేశామో అలాగే ఉన్నాయి. నా ఎదుటి బాక్సు మీద తువ్వాలు పీలిక ఉంది. నాలుగు మడతలు, అంచులు లోపలికి. నేను ఏ గుడ్డనైనా చుట్టగా చుట్టి పడేస్తాను. అంచులు లోపలికి మడిచేది ఈ ఇంట్లో ఒక్కడే.

కుడి బొటనవేలు బరువుగా ఉంది. చూశాను.

రేకు గోరు. తుప్పు లేదు. అంచు తెల్లగా మెరుస్తోంది. నొక్కులో పసుపు లేదు, కొత్తగా కత్తిరించినట్టు ఉంది. అంచు పొడుగునా తడి.

షెడ్ గడప మీద అత్త కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన నీళ్ళ చెంబు, చిన్న సానరాయి, రాతి మీద పసుపు చార. ఒళ్ళో ఖాళీ గుడ్డ. గోరును తోమి, నూరి, నా వేలికి తొడిగింది ఆమే, సందేహం లేదు. కానీ మూతలు తీసి మళ్ళీ వేసింది ఆమె కాదు. ఆమె అరచేతులు పొడిగా ఉన్నాయి. నా చేతులు మోచేతిదాకా నిమ్మనూనెతో జిగటగా ఉన్నాయి.

ఎన్ని బాక్సులు? ఎన్ని కాయలు? ఒక్కో బాక్సులో రెండు వందలు. మళ్ళీ గుమ్మరించి చూడాలంటే రెండు గంటలు పడుతుంది. వ్యాన్ ఆగదు. పంపితే ఐదో రోజుకు పచ్చ తేలుతుంది. పంపకపోతే సోమవారం ఉత్తరపు మూల లేదు.

బయట మామ గొంతు వినిపించింది, రివర్స్, ఇంకా రా, ఇంకా రా అని డ్రైవర్‌కు దారి చూపిస్తూ. తర్వాత షెడ్ వైపు తిరిగి కేకేశాడు.

"శశికళమ్మా, బాక్సులు ఎత్తమందామా?"

వద్దు మామా, ఆపండి అని చెప్పాలి. అందుకే నోరు తెరిచాను. అప్పుడే గడప మీదనుంచి అత్త తల తిప్పి నా వైపు చూసింది. పద్నాలుగు నెలల నుంచి ఈ ఇంట్లో వినపడని గొంతుతో, పొద్దున్నే కాఫీ లోటా పట్టుకుని మంచం పక్కన నిలబడి పిలిచే గొంతుతో, మెల్లగా అడిగింది:

"లేచినావా మోహనా?"

"ఊ," అని పలికింది నా గొంతు.